కవర్లో వేసిచ్చిన పాత సామాను

మా పనిలోకి కొత్తగా దిగిన పిల్లలు కనిపించినప్పుడల్లా నన్ను ఒకటే అడుగుతుంటారు. "సార్, కస్టమరు 'ఇంత రేటా?' అంటే ఏం చెప్పాలి?" అని. ఇరవై ఆరేళ్ళు నంద్యాలలో కంప్యూటర్లు బాగుచేసి మొన్నీమధ్యే షట్టరు దించినవాణ్ణి కాబట్టి నా దగ్గర ఏదో మంత్రం ఉంటుందని వాళ్ళ నమ్మకం. ఆ ప్రశ్న అడగడానికి జిల్లా మొత్తం మీద నాకంటే పనికిరాని మనిషి దొరకడు. అయినా అడిగారు కాబట్టి చెబుతాను. ఇందులో నా గొప్పతనం వెతక్కండి, దొరకదు.

ముందు నా జబ్బు సంగతి చెప్పాలి. రేటు చెప్పిన తర్వాత నేను నోరు మూసుకోలేను. ఎదుటి మనిషి రెండు క్షణాలు మాట్లాడకపోతే నాకు ఊపిరాడదు. ఒకసారి ఒకాయన సీపీయూ తీసుకుపోవడానికి వచ్చాడు. "ఎనిమిది వందలు అయింది" అన్నాను. ఆయన పలకలేదు. "పోనీ ఏడొందలు ఇవ్వండి" అన్నాను. తల అటూ ఇటూ తిప్పాడు. "మీరు తెలిసినవాళ్ళు కాబట్టి ఆరొందలు." లేచి గుమ్మం దాకా వెళ్ళాడు. "సరే, అయిదొందలకు తక్కువైతే నాకు గిట్టదు" అని బతిమాలాను. ఆయన బయటికి వంగి వక్కాకు ఉమ్మేసి లోపలికి వచ్చి, "ఏమంటాండావప్పా? నోట్లో వక్కాకు ఉన్నింది, ఇనపళ్ళా. ఎనిమిదొందలేనా?" అన్నాడు. నేను అయిదొందలే తీసుకున్నాను. ఒకసారి దిగాక మళ్ళీ ఎక్కడానికి మొహం చెల్లలేదు.

నా అంగట్లో నాతోపాటు పనిచేసిన మనిషి ఒకాయన ఉండేవాడు. నాకంటే పదిహేనేళ్ళు పెద్ద. గడివేములలో రేడియోలు, తర్వాత టీవీలు బాగుచేసి, ఆ రెండూ జనం బాగుచేయించుకోవడం మానేశాక నా దగ్గరికి వచ్చాడు. నేను ఆయన్ని పెద్దాయనా అనేవాణ్ణి. టంకం పెట్టడంలో ఆయన చేతికి సాటి లేదు. కంప్యూటరు అంటే మాత్రం చివరిదాకా ఆయనకు చిన్నచూపే. "పాట పాడని రేడియో" అనేవాడు.

పెద్దాయన రేడియోల కాలం నుంచి ఒక పద్ధతి పాటించేవాడు. మన సీమలో మోటారు మెకానిక్కు అయినా, పంపుసెట్టు మెకానిక్కు అయినా ఇదే పద్ధతి. కొత్త సామాను వేస్తే, తీసేసిన పాత సామాను కస్టమరు చేతికి ఇవ్వాలి. "ఇదో, ఇది పోయింది, ఇది తీసి కొత్తది ఏసినా" అని చూపించాలి. కస్టమరు దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి జేబులో వేసుకుంటాడు. ఇంటికి పోయాక దానితో ఏ పనీ ఉండదు. కానీ అది చేతిలో ఉంటే ఇచ్చిన డబ్బుకు ఒక ఆనవాలు ఉన్నట్టు. అడిగి మరీ తీసుకునేవాళ్ళు. "పాత సామాను యాడప్పా?" అనేది మా అంగట్లో రోజుకు పదిసార్లు వినిపించే మాట.

చిక్కంతా కంప్యూటర్లతో వచ్చింది. పది మిషన్లు వస్తే ఆరేడింటిలో మార్చాల్సిన సామానే ఉండదు. ఎక్కడో టంకం వదులుతుంది, ఎక్కడో దుమ్ము కూరుకుంటుంది, ఎక్కడో లోపలి లెక్క తప్పుతుంది. రెండు గంటలు కూర్చుని అది ఎక్కడో కనిపెట్టడమే పని. కనిపెట్టాక సరిచేయడం పది నిమిషాలు. కస్టమరు ఆ పది నిమిషాలప్పుడే వస్తాడు. "నాలుగు మరలు తిప్పి బ్రష్షుతో తుడిస్తివి. దానికి ఎనిమిదొందలా?" అంటాడు. ఆయన తప్పేం లేదు, ఆయన చూసింది అదే.

అంతకుముందు మూడొందలు తీసుకునే పనికి ఎనిమిది వందలు అనడానికి ఒక కారణం ఉంది. బోర్డు మీది చిప్పుల్ని వేడిగాలితో ఊడదీసి మళ్ళీ అతికించే మిషనొకటి హైదరాబాదు నుంచి తెప్పించాను. కంతుల మీద, అంటే నెలనెలా కట్టే వాయిదాల మీద కొన్నాను. నంద్యాలలో అది ఉన్న అంగడి మాది ఒక్కటే అని నెలరోజులు మీసం మెలేశాను. రెండో నెల కంతు కట్టేటప్పుడు మీసం కిందికి వాలింది. రేట్లు పెంచక తప్పలేదు.

పెంచిన రేటు ఎందుకో జనానికి చెప్పడానికి నేను చేయని విన్యాసం లేదు. ఏ పనికి ఎంతసేపు పడుతుందో కాగితం మీద అచ్చు వేయించి గోడకు అంటించాను. ఎవరూ చదవలేదు, ఒకాయన మాత్రం దాని మీద ఫోన్ నంబరు రాసుకుని ఆ మూల చింపుకుపోయాడు. పోనీ నోటితో చెబుదామని ఒక రైతుకు ఇరవై నిమిషాలు విడమరచి చెప్పాను. ఆయన ఓపిగ్గా విని, "అంత కష్టమైతే వద్దులేప్పా, నీకెందుకు తిప్పలు" అని మిషను పట్టుకుని వెళ్ళిపోయాడు.

అలాంటి రోజుల్లోనే ఒకనాడు ఒకాయన బిల్లు చూసి మొహం చిట్లించాడు. "పాత సామాను యాడ?" అన్నాడు. నేను ఏ సామానూ మార్చలేదు. కానీ బల్ల సొరుగులో ఎవరో వదిలేసి పోయిన చచ్చిన ర్యామ్ ముక్క ఒకటి ఉంది. దువ్వెన అంత పొడుగు, పచ్చటి పలక, మీద నల్లటి చిప్పులు. చూడ్డానికి గొప్పగా ఉంటుంది. నా చెయ్యి దానంతట అదే సొరుగులోకి పోయింది. ముక్కను చిన్న ప్లాస్టిక్ కవర్లో వేసి ఆయన ముందు పెట్టాను. ఆయన మొహం విప్పారింది. మారు మాట్లాడకుండా ఎనిమిది వందలు ఇచ్చాడు.

పెద్దాయన టంకం కడ్డీ పక్కన పెట్టి నా వైపు చూశాడు.

"ఆ మిషన్ లో నువ్వు ఏం మార్చినావ్?"

"ఏం మార్చలేదు పెద్దాయనా."

"మరి ఆయప్ప చేతిలోది ఏంది?"

"పని చేసినానా లేదా? చేసినా. దుడ్లు ఇచ్చినాడా లేదా? ఇచ్చినాడు. ఇంగేం?"

ఆయన మళ్ళీ టంకం కడ్డీ అందుకున్నాడు. ఆ రోజు నుంచి ఆ సొరుగును శవాల పెట్టె అనడం మొదలుపెట్టాడు. "శవాల పెట్టె నిండుకుంటాంది, చూస్కో" అని అప్పుడప్పుడూ గుర్తుచేసేవాడు కూడా. అది వెటకారమని నాకు తెలుసు. అయినా నిండుకోకుండా చూసుకున్నాను. పాత సామాన్ల అంగడికి పోయి కిలో లెక్కన చచ్చిన ముక్కలు కొని తెచ్చాను. రేటుకు కారణం చెప్పడానికి కిలోల లెక్కన కారణాలు కొన్నవాణ్ణి ఈ వృత్తిలో నేనొక్కణ్ణేనేమో.

మిషను కంతులన్నీ తీరింది మాత్రం ఆళ్ళగడ్డ పుణ్యాన. ప్రతి బుధవారం సంచీలో సామాన్లు సర్దుకుని బస్సెక్కి ఆళ్ళగడ్డకు పోయేవాణ్ణి. అక్కడ ఒక జిరాక్సు అంగట్లో మూల బల్ల ఇచ్చేవారు. చిన్న రిపేర్లు అక్కడే చేసేవాణ్ణి, పెద్దవి నంద్యాలకు తెచ్చేవాణ్ణి. ఊళ్ళో నాకు ముఖ్యమైన గిరాకీలు ముగ్గురు. ఒకాయనది విత్తనాల అంగడి. ఒకావిడ ప్రైవేటు బడి నడిపే హెడ్ మిస్ట్రెస్. మూడో ఆయన శిల్పి. ఆళ్ళగడ్డ అంటేనే రాతి విగ్రహాలు కదా, రోడ్డు పక్కన షెడ్డులో పదిమందిని పెట్టుకుని చెక్కించే పెద్ద శిల్పి ఆయన. ఈ ముగ్గురూ ఒక మాట చెబితే ఆళ్ళగడ్డ వింటుంది. వీళ్ళు వద్దంటే నా బుధవారాలు పోయినట్టే, బుధవారాలు పోతే ఆ వేడిగాలి మిషన్ని కంపెనీవాళ్ళు వచ్చి మోసుకుపోయినట్టే.

ఒక బుధవారం ఆ శిల్పి తన కంప్యూటరును గోనెసంచిలో చుట్టి స్వయంగా జిరాక్సు అంగడికి తెచ్చాడు. లోపలి డిస్కు టిక్కుటిక్కుమంటోంది, తెర మీద ఏమీ రావడం లేదు.

"ఇందులో మా నాయన గీసిన కొలతల పటాలు ఉండాయప్పా" అన్నాడు. "పుస్తకాలు చెదలు తినేసినాయి. అంతకుముందే ఎవరో పిల్లోళ్ళ చేత ఫోటోలు తీయించి దీంట్లో పెట్టిచ్చినా. ఇంగ యాడా లేవు. అవుకు దిక్కు ఒక ఊరికి పెద్ద విగ్రహం ఒప్పుకున్నా, రాయి వచ్చి షెడ్డులో పడుండాది. పటం లేకుండా ఉలి పెట్టలేను."

"చూస్తానన్నా" అన్నాను. ఎంతవుతుందని ఆయన అడగలేదు. నేనే అడగకుండా చెప్పాను, చెప్పి తగ్గించాను, మళ్ళీ పని చూశాక చెబుతానన్నాను.

నంద్యాలలో మూత విప్పితే లోపల తెల్లటి రాతి పొడి. ఫ్యాను రెక్కల మీద, తీగల మీద, పలకల సందుల్లో, పిండి జల్లించినట్టు పరుచుకుని ఉంది. పెద్దాయన తుమ్ముతూ ఒక పూటంతా కూర్చుని తుడిచాడు. కరెంటు ఇచ్చే బోర్డులో టంకాలు మూడు వదిలి ఉంటే మళ్ళీ పెట్టాడు. డిస్కు సంగతి నేను చూశాను. చావుబతుకుల్లో ఉన్న డిస్కును ఒకేసారి చదివిస్తే చచ్చిపోతుంది. కాస్త చదివించి, చల్లారనిచ్చి, మళ్ళీ కాస్త చదివించాలి. పక్కనుంచి కదలకూడదు. రెండు రోజులు పొద్దున్నుంచి సాయంత్రం దాకా ఆ టిక్కుటిక్కు వింటూ కూర్చున్నాను. భోజనానికి కూడా ఇంటికి పోలేదు. రెండో రోజు సాయంత్రం నాలుగింటికి పటాలన్నీ ఒక్కటీ పోకుండా వచ్చాయి. అంగట్లో మిగిలిపోయి ఉన్న పాత డిస్కు ఒకటి బాగానే ఉంటే అందులోకి ఎక్కించి, ఆయన డిస్కును తీయకుండా దాని పక్కనే బిగించాను. పెద్దాయన నా భుజం మీద చెయ్యి వేసి, "ఈ పొద్దు నువ్వు మెకానిక్కువప్పా" అన్నాడు. ఆయన నోట ఆ మాట వినడం అదే మొదలు, అదే చివర.

అలాంటి పని చేసి కూడా నేను ఏం చేశానో వినండి.

శిల్పి నంద్యాలకు వచ్చాడు. మిషను ఆన్ చేసి పటాలు చూపించాను. బిల్లు నాలుగున్నర వేలు, ఆయన చేతికిచ్చాను. ఆయన మాట్లాడలేదు. ఒక నిమిషం గడిచింది. తగ్గించకూడదని పళ్ళ బిగువున కూర్చున్నాను. రెండో నిమిషం వచ్చేసరికి నాకు చెమటలు పట్టాయి. నోరు ఆపుకున్నాను గానీ చెయ్యి ఆపుకోలేకపోయాను. సొరుగు లాగి, ఒక ర్యామ్ ముక్క తీసి, కవర్లో వేసి, "ఇదోన్నా, ఇది పోయింది. దీనికే అంత ఖర్చు" అన్నాను. వెనకాల పెద్దాయన దగ్గాడు. ఆయనకు దగ్గు లేదు.

శిల్పి కవరు తీసుకుని వెలుతురులో పెట్టి చూశాడు. నాలుగున్నర వేలు లెక్కపెట్టి ఇచ్చాడు. మిషను ఎత్తుకుని వెళ్ళిపోయాడు. నేను గెలిచానని అనుకున్నాను.

మరుసటి బుధవారం జిరాక్సు అంగడికి మనిషిని పంపాడు, షెడ్డుకు రమ్మని. ఇంకో కంప్యూటరు కొంటాడేమోనని హుషారుగా పోయాను. ఆయన ఒక నందికి మోకాలు నునుపు చేస్తున్నాడు. నన్ను చూసి ఉలి దించి, పక్కనున్న రాతి దిమ్మె మీద ఆ కవరు పెట్టాడు.

"ఇది నా మిషన్ లోది కాదు" అన్నాడు.

"అదేందన్నా, మీదే" అన్నాను.

"ఈ షెడ్డులో నా కంచంలో రాయి పొడి, నా చెవిలో రాయి పొడి. ఎనిమిదేండ్లు ఈడ ఉన్న మిషన్ లోది అంటావ్. దీని మీద రవ్వంత పొడి లేదు." ముక్కను బయటికి తీసి చిప్పుల సందులోకి గోరు పెట్టాడు. తెల్లటి నూగు దారంలా సాగి వచ్చింది. "ఇది పత్తి. నా షెడ్డులోకి పత్తి యాన్నుంచి వచ్చెప్పా?"

అది పత్తి మిల్లు ఆఫీసువాళ్ళు నా దగ్గర వదిలేసి పోయిన ముక్క అని నాకు వెంటనే గుర్తొచ్చింది. తల దించుకుని ఉన్నది ఉన్నట్టు చెప్పాను. సొరుగు సంగతి, కిలో లెక్కన కొన్న సంగతి, ఆ ఊళ్ళో ఇంకెవరెవరికి ఇచ్చానో, అన్నీ. మాట్లాడుతుంటే సిగ్గుతో చెవులు కాలిపోయాయి. చుట్టూ పదిమంది రాళ్ళు కొడుతున్నారు, ఒక్కరూ ఆపలేదు, అదొక్కటే మేలు.

"అయితే నువ్వు నిజంగా ఏం చేసినావ్?"

చెప్పాను. టంకాలు, పొడి, టిక్కుటిక్కుమనే డిస్కు, రెండు రోజులు. ఆయన అంతా విన్నాడు.

"ఆ పొద్దు నేను పలకనిది బిల్లు చూసి కాదప్పా" అన్నాడు. "మా నాయన గీత మళ్ళా కండ్ల పడింటే దాన్నే చూస్తాంటి. దానికి నాలుగున్నర వేలు ఏం ఎక్కువ? ఇంగో వెయ్యి అడిగింటే ఇచ్చింటా. నువ్వేమో ఈ చచ్చిన ముక్క చేతిలో పెడితివి. దీనికైతే నాలుగు రూపాయలు ఎక్కువ."

డబ్బు తిరిగి ఇచ్చేస్తానన్నాను. ఆయన వద్దన్నాడు.

"విత్తనాల అంగడాయప్పకూ ఇచ్చినావంట, బడి మేడమ్ కూ ఇచ్చినావంట. వాండ్లకు నువ్వే పోయి చెప్పు. నేను చెప్తే అది వేరే రకంగా పోతాది. వచ్చే బుధవారం దాకా చూస్తా."

ఇప్పుడు మీరు నేను ధైర్యంగా నడిచిపోయానని అనుకుంటారేమో. బస్టాండుకు పోయి నంద్యాల బస్సు ఎక్కి కూర్చున్నాను. కండక్టరు టికెట్టు కొట్టే లోపల దిగాను. ఆ బస్సులో నంద్యాలకు పోయి ఉంటే మళ్ళీ ఆళ్ళగడ్డ మొహం చూసి ఉండేవాణ్ణి కాదు. నా కంతులు ఎట్లా కట్టాలో తెలియక దిగానే తప్ప, మనస్సాక్షి పిలిచి కాదు.

ముందు విత్తనాల అంగడికి పోయాను. ఆయన నేనిచ్చిన ముక్కను గల్లాపెట్టెలో కుంకుమ బొట్టు పెట్టి దాచుకున్నాడు. నేను చెప్పింది విని దాన్ని బయటికి తీసి తిప్పి చూశాడు.

"అంటే నా మిషన్ లో ఏమీ పోలేదా?"

"టంకం పోయిందన్నా. పెట్టినాము."

"సామాను పోలేదు కదా?"

"లేదు."

"సామాను పోకుంటే దుడ్లు యాడివి? ఎనకకు ఇయ్యి."

ఇచ్చాను. పదిహేను వందలు లెక్కపెట్టి ఇచ్చాను. బొట్టు పెట్టిన ముక్క ఇవ్వమంటే అది మాత్రం ఇవ్వలేదు. "ఉండనీలే, వచ్చినప్పట్నుంచి యాపారం బాగుంది" అన్నాడు. ఆయన ఆ తర్వాత మళ్ళీ మా అంగడికి రాలేదు. ఇంకొకరి దగ్గరికి పోయాడు, అక్కడ ప్రతిసారీ పాత సామాను ఇస్తారట.

అక్కడి నుంచి బడికి పోయాను. హెడ్ మిస్ట్రెస్ గారు పరీక్ష పేపర్లు దిద్దుతున్నారు. నేను నసుగుతూ మొదలుపెట్టాను. ఆవిడ సగంలోనే ఆపి, "రాండి సార్, ఒకటి చూపిస్తా" అని సైన్సు గదికి తీసుకుపోయారు. గోడకు ఒక చార్టు. 'కంప్యూటరు లోపలి భాగాలు' అని రంగు పెన్నులతో రాసి ఉంది. దాని మీద వరసగా మూడు ర్యామ్ ముక్కలు దారంతో కుట్టి ఉన్నాయి. మూడూ నేనిచ్చినవే.

"మా మిషన్ లో ఉండేది రెండు, సార్" అన్నారు ఆవిడ. "మీరు తీసింది మూడు. ఇంకా రెండు లోపలే ఉండాయి. మిషన్ నడుస్తానే ఉంది."

నాకు నేలలోకి దిగిపోవాలనిపించింది. "తెలిసి కూడా ఎందుకు అడగలేదు మేడమ్?"

"ఎందుకు అడగాల? పాడైన మిషన్ ఇచ్చినా, నడిచే మిషన్ వచ్చింది. నేను దుడ్లు ఇచ్చింది దానికే. మీరు అంత ఇష్టంగా ఇస్తాంటే వద్దనడం ఎందుకులే అని తీస్కున్నా. పిల్లోళ్ళకు చార్టుకు పనికొచ్చినాయి." మళ్ళీ దిద్దుకోవడానికి వెళ్తూ అన్నారు, "నాలుగోది ఇస్తారేమోనని చూస్తాంటిమి."

మూడేళ్ళుగా నేను ఎవరినైతే బురిడీ కొట్టిస్తున్నాననుకున్నానో, ఆవిడ నన్ను నొప్పించకూడదని ఊరుకున్నారన్న మాట. ఇదంతా తిరుగుబస్సులో కూర్చుని ఆలోచిస్తే నవ్వొచ్చింది. పక్క సీటు ఆయన జరిగి కూర్చున్నాడు.

మళ్ళీ బుధవారం శిల్పి దగ్గరికి పోయి జరిగింది చెప్పాను. ఆయన అడిగాడు, "మిషన్ చూసేదానికి నీ రేటు ఎంతప్పా?"

"చూసినందుకు అయిదొందలన్నా. అంటే, నాలుగొందలైనా పరవాలేదు. మీలాంటోళ్ళకైతే..."

"ఆగు" అన్నాడు. "నేను కూడా విగ్రహానికి రేటు చెప్తా. రాయి ఎంతనో, కూలి ఎంతనో అందరూ అడుగుతారు. చెప్పిన రేటు చెప్పి మళ్ళా ఉలి పట్టుకుంటా. వాండ్లు ఆలోచించుకుంటారు. మధ్యలో నాకేం పని?"

వారం తర్వాత పోతే ఒక నల్లరాతి పలక ఇచ్చాడు. విగ్రహం పీఠంలో మిగిలిన ముక్క. జానెడు వెడల్పు, మూరెడు పొడుగు. మీద ముత్యాల్లాంటి అక్షరాలు: 'మిషను చూసినందుకు రూ. 500.' దాని కింద ఇంకే మాటా లేదు.

"ఇంగ తగ్గించాలంటే నువ్వు నా దగ్గరికి రావాల" అన్నాడు. "ఇది ఊరికే ఇస్తాండా. రెండోసారి ఊరికే రాదు."

ఆ పలకను ఒళ్ళో పెట్టుకుని బస్సులో నంద్యాలకు వచ్చాను. తువ్వాలు చుట్టి ఉంటే ఎదుటి సీటు ఆవిడ ఏ దేవుడో అనుకుని కళ్ళకద్దుకుంది. నేను చెప్పలేదు. ఆ పలక నాకు చేసిన మేలు తలుచుకుంటే ఆవిడ చేసింది తప్పు కూడా కాదు.

పెద్దాయన దాన్ని కౌంటరు మీద నిలబెట్టి, శవాల పెట్టె బయటికి లాగి, మొత్తం తీసుకుపోయి పాత సామాన్ల అంగట్లోనే అమ్మేశాడు. నేను కొన్న రేటులో సగం కూడా రాలేదు. ఆ డబ్బుతో మాకిద్దరికీ దోసెలు తెచ్చాడు.

పలక పనిచేసిందా అంటే, చేసింది. కొందరు చదివి వెనక్కి పోయారు, అది నిజం. చాలామంది చదివి, "తగ్గదా?" అన్నారు. నేను పలక వైపు చూసేవాణ్ణి. "రాతి మీద చెక్కినావే, ఇంగేం తగ్గుతావ్లే" అని మిషను కౌంటరు మీద పెట్టేవారు. పని అయ్యాక బిల్లులో ఏ పని చేశామో, ఎంతసేపు పట్టిందో రాసి ఇచ్చి, టంకం కడ్డీ చేత్తో పట్టుకునేవాణ్ణి. అది వేడిగా లేకపోయినా సరే. చేతిలో ఏదో ఒకటి ఉంటే నోరు అదుపులో ఉంటుందని శిల్పి దగ్గర నేర్చుకున్నాను. పాత సామాను అడిగితే, "ఏమీ పోలేదప్పా, అందుకే ఇయ్యలేదు" అనేవాణ్ణి. మొదట్లో ఆ మాట అనడానికి నాకు నాలిక తిరిగేది కాదు.

కంతులు తీరాయి. పెద్దాయన కళ్ళు మసకబారి గడివేములకు వెళ్ళిపోయాడు. ఆయన లేని అంగట్లో చాలాకాలం నాకు తోచేది కాదు. తెరలు పలచబడ్డాయి, ల్యాప్ టాపులు వచ్చాయి, నంద్యాల జిల్లా అయింది. బజారులో అందరూ చూసినందుకే ఎనిమిది వందలు తీసుకుంటున్నారు. నా దగ్గర మాత్రం అయిదొందలే. పెంచుదామని నోరు తెరిస్తే కస్టమరు పలక మీద వేలు పెట్టేవాడు. "రాతి మీద అయిదొందలని ఉంది కదప్పా" అని. తగ్గించకుండా నన్ను కాపాడిన పలకే పెంచనీయకుండా నా గొంతు మీద కూర్చుంది. దాన్ని తీసి లోపల పెట్టేద్దామంటే, ఊరంతా దాన్ని చూడ్డానికి అలవాటు పడింది.

చివరికి పలకను ఆటోలో వేసుకుని ఆళ్ళగడ్డకు పోయాను. శిల్పికి జుట్టు పూర్తిగా తెల్లబడింది, లేక అదీ రాయి పొడేనేమో. సంగతి చెప్పాను. పలక తిప్పి చూసి, "రెండు వేలు అయితాది" అన్నాడు. అని, మళ్ళీ ఉలి పట్టుకున్నాడు.

నేను ఉన్నచోట ఉండలేకపోయాను.

"రెండు వేలేందన్నా? ఒక్క అంకె కదా. అయిదు తీసి ఎనిమిది పెట్టేదే కదా."

ఆయన పలకలేదు.

"రాయి కూడా నాదే కదన్నా. నువ్వు కొనే పని కూడా లేదు. నాలుగు దెబ్బలు కొడితే అయిపాయె. పది నిమిషాల పని."

ఆ మాట నా నోట్లోంచి బయటికి వచ్చాక గానీ నాకు వినిపించలేదు. ఆయన తల ఎత్తి నన్ను చూశాడు. నవ్వలేదు, ఆయనకు నవ్వాల్సిన అవసరం లేకపోయింది. నేను జేబులోంచి రెండు వేలు తీసి దిమ్మె మీద పెట్టి, నోరు మూసుకుని ఒక రాతి మీద కూర్చున్నాను.

పని పది నిమిషాల్లో కాలేదు. అయిదును మాపాలంటే పలక మొత్తాన్ని అంత లోతు అరగదీయాలి, లేకపోతే అక్కడ గుంట పడుతుంది. అరగదీస్తే అన్ని అక్షరాలూ పోతాయి, అన్నీ మళ్ళీ చెక్కాలి. పొద్దున కూర్చున్నవాడు మధ్యాహ్నం తిండికి కూడా లేవలేదు. మూడు గంటలకు పలకను తడిగుడ్డతో తుడిచి నా చేతిలో పెట్టాడు. ఎనిమిది వందలు, మునుపటికంటే అందంగా ఉంది.

లేచి బయల్దేరబోతుంటే, "ఆగప్పా" అన్నాడు. కింద గోనెసంచి మీద రాలిన పొడిని చీపురుపుల్లలతో ఒక దగ్గరికి తీశాడు. చిన్న ప్లాస్టిక్ కవరు వెతికి, అందులో ఎత్తిపోసి, మూతి ముడివేసి నాకు అందించాడు.

"నీ అయిదొందలు ఇందులో ఉండాయి. పాత సామాను, తీస్కపో."

ఆటోలో పలకను పక్కన పెట్టి కవరు విప్పాను. అలవాటు కొద్దీ వేలితో కదిపి చూశాను. అంతా రాయి పొడే. ఎక్కడా పత్తి లేదు.